సందేళకు పనికొచ్చే అద్దం

మంచె మీద కూర్చుని, తుపాకీని మోకాలికి ఆనించి మారెమ్మ గొట్టాన్ని సగానికి వంచింది. లోపల స్ప్రింగు కిర్రుమంది. కొంగు ముడిలోంచి సీసపు గుండు ఒకటి తీసి, వేలికొసతో తడిమి, బొక్కలో పెట్టి గొట్టాన్ని మూసింది. దానిమ్మ తోట మీద వెలుగింకా పూర్తిగా పరుచుకోలేదు. చిలుకలు మాత్రం అప్పటికే దిగాయి. కరువు కాలంలో అవి పండు కోసం రావు, పండులోని తడి కోసం వస్తాయి. కాయకొక పొడుపు పొడిచి, ఇంత రసం పీల్చి, ఇంకో కాయ మీదికి పోతాయి. పొడిచిన కాయను బెంగళూరు వ్యాపారి చేత్తో కూడా ముట్టడు.

ఆమె చిలుకలను కొట్టదు. ఇన్నేళ్లలో ఒక్కదాన్నీ కొట్టలేదు. తోటలో అక్కడక్కడా కట్టెలు పాతి ఖాళీ రంగు డబ్బాలు వేలాడదీసింది. గుండు తగిలితే డబ్బా ఠంగుమంటుంది, ఆ చప్పుడుకు మంద మొత్తం లేచిపోతుంది. డబ్బాలన్నీ మట్టిగట్టు వైపే ఉంటాయి. కాలిదారి వైపు ఒక్కటీ కట్టలేదు. తప్పిన గుండు మట్టిలో దిగాలి గాని, గడ్డికొచ్చిన ఏ తల్లి బిడ్డ కంట్లోనో దిగితే? ఆ ఆలోచన వస్తే చాలు, ఎండలో కూడా ఆమె వీపు చల్లబడుతుంది.

కాల్చింది. చప్పుడు లేదు. మళ్లీ వంచి, మళ్లీ గుండు పెట్టి కాల్చింది. డబ్బా ఉండాల్సిన చోట తెల్లటి మసకొకటి ఊగుతోంది, అంతే. చిలుకలు తలెత్తి కూడా చూడలేదు. చివరికి మంచె దిగి, చేతులు చరుస్తూ, హోయ్ హోయ్ అని అరుస్తూ చెట్ల మధ్య పరుగెత్తింది. ఇటు లేచినవి అటు వాలాయి.

మొదట్లో వడిసెలతోనే కాపలా కాసేది. భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకుండా పోయాక తోట యజమాని విష్ణువర్ధన్ ఈ ఎయిర్‌గన్ తెచ్చిచ్చాడు. ఇప్పుడు కళ్లు. నిన్న ఆయన జీపు దిగకుండానే మాట్లాడాడు.

"రేపు గాదు ఎల్లుండి పొద్దున్నే యాపారి కాయ చూసేదానికి వస్తాండాడు మారెమ్మా. నీకు కండ్లు కనపడకపోతే చెప్పు, గోరంట్ల నుంచి మనిషిని పిలిపించుకుంటా."

"కనపడతాయి సామీ."

"యాడ కనపడతాయి? అనంతపురం పాతూరులో బసప్ప అంగడికి పో. తుపాకీ మీద బిగించే స్కోపు, దూరంది దగ్గరగా చూపించే అద్దం, ఉంటాది. నీ కంటికి ఏది సరిపోతాదో నువ్వే చూసుకో, దుడ్లు నేనిస్తా ఆయనకు. మరీ ఖరీదైంది వద్దు. అగ్గవని చెప్పి పనికిమాలింది తేవద్దు."

తల ఊపింది. కానీ అప్పుడు ఆమె మనసులో ఉన్నది చిలుకలు కాదు, రోడ్డు.

తోట ఉన్నది మిట్ట మీద. రెండు చేల అవతల పెద్ద రోడ్డు రాప్తాడు వైపు ఎక్కుతుంది. ఆ ఎక్కుడులో లారీలు గేరు మార్చి మూలుగుతూ నిదానంగా పోతాయి. ఆమె కొడుకు రామాంజి టమోటాల లోడుతో హైదరాబాదు పోయేది ఆ దారినే. కాయ మెత్తబడుతుందని ఎక్కడా ఆపనివ్వరు. అందుకని ఎక్కుడు మొదట్లో మూడు హారన్లు కొడతాడు. ఆమె మంచె మీద లేచి నిలబడి చెయ్యి ఊపుతుంది. కొడుకు బతికున్నాడని, నిద్ర తూగలేదని, బ్రేకులు పడుతున్నాయని ఆమెకు తెలిసేది ఆ హారన్‌తోనే. హారన్ వినిపించని రోజు చీకటి పడినా మంచె దిగదు. మొగుడు కూడా బాగానే ఉన్నాడని అందరూ చెబుతూ ఉండగానే బెంగళూరులో, కట్టడం పని దగ్గర, జ్వరంతో పోయాడు.

ఈ ఏడాదిగా లారీ అయితే కనిపిస్తోంది, లోపల మనిషి కనిపించడం లేదు.

మొన్న రోడ్డు పక్క టీ అంగడి నరసింహప్ప ఫోనుకు రామాంజి చేశాడు. "బుధవారం సందేళకు కడసారి ఈ దోవన వస్తామ్మా. మళ్ల మంగళూరు సైడు బండి ఎక్కతాండా. ఈపక్కకు లోడు ఎప్పుడు దొరికితే అప్పుడే వచ్చేది. నువ్వేం భయపడాకు."

ఈ రోజు బుధవారం.

తుపాకీని పాత చీరలో చుట్టి, పైన గోనెసంచి కప్పి, ఆమె టీ అంగడి దగ్గర బస్సు కోసం నిలబడింది. నరసింహప్ప మూట వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"ఏం మారెక్కా, ఎవరి మిందికి పోతాండావు? పార్టీలో యామన్నా చేరినావా?"

"నోరు ముయ్యప్పా. పోలీసోళ్లు చూస్తే లోపలేస్తారేమో అని ఊపిరాడక చస్తాంటే."

"చిలకల తుపాకీకి ఎవరేస్తారు? ముందు సీట్లో కూర్చో. కండక్టరు టికెట్ కూడా అడగడు."

కండక్టరు టికెట్ అడిగాడు. మూట ఏమిటని అడగలేదు. అయినా అనంతపురం చేరేదాకా ఆమె దాన్ని నిద్రపోతున్న బిడ్డలా ఒళ్లో పెట్టుకుని, గొట్టం కొసను తన కడుపు వైపు తిప్పుకుని కూర్చుంది. లోపల గుండు లేదని బస్సెక్కే ముందు రెండుసార్లు వంచి చూసుకుంది. అయినా ఏమో, ఎవరు చూసొచ్చారు?

బసప్ప అంగడిలో తాళాలు, టార్చిలైట్లు, చేపల గాలాలు, గొర్రెల కత్తెరలు వేలాడుతున్నాయి. ఆయన మూట విప్పి, తుపాకీ వీపు మీది గాడిని బొటనవేలితో రాసి చూశాడు. గాడి ఉంటేనే స్కోపు కూర్చుంటుందట. లోపలి నుంచి మూడు అట్టపెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మొదటిది మోచెయ్యంత పొడుగుంది, నల్లగా నిగనిగలాడుతోంది. అంగడి గుమ్మంలో నిలబడి కంటికి పెట్టుకుంది. ఎదురు వీధిలో పూలమ్మే మనిషి ముక్కుపుల్ల ఇంత పెద్దగా కనిపించింది. కానీ ఆ మనిషి పక్కన ఎవరున్నారో కనిపించలేదు. కొంచెం కదిపితే ముక్కుపుల్ల కూడా ఎక్కడికో పోయింది.

"ఇది వద్దన్నా. పక్కన ఎవురన్నా వస్తాంటే ఎట్ల తెలుస్తాది?"

"వద్దులేక్కా, నేను కూడా ఇయ్యను. అది వేరే తుపాకీలది. నీ దాంట్లో స్ప్రింగుండాది. ఎనక్కీ తంతాది, ముందుకీ తంతాది. ఆ తన్నుకు ఇది ఓర్చుకోలేదు, లోపల గురి చూసే గీతలు ఊడిపోతాయి."

రెండోది వేలంత సన్నం. అన్నిట్లోకీ చవక. బయట ఎండలో బాగానే ఉంది. దాన్ని అంగడి వెనక చీకటి మూల వైపు తిప్పింది. ఏమీ కనిపించలేదు.

"సందేళకు కూడా మనిషి మొగం కనపడల్లన్నా."

బసప్ప నవ్వాడు. "చిలకలను తోలేదానికి మొగమెందుకక్కా?"

ఆమె మూడోదాన్ని తీసుకుంది. పొట్టిగా, ముందు కొంచెం వెడల్పుగా ఉంది. మొదటిదంత దగ్గరికి తీసుకురాదు గాని చుట్టుపక్కలంతా చూపిస్తుంది. బసప్ప కంటి దగ్గరి రింగు తిప్పుతూ పోయాడు. ఒకచోట మసకంతా విడిపోయింది. పూలమ్మే మనిషి, ఆమె గంప, గంప వెనక నిద్రపోతున్న పసిపాప, పాప బుగ్గ మీద వాలిన ఈగ. మారెమ్మ తెలియకుండానే చెయ్యి విసిరింది, ఆ ఈగను తోలడానికి.

"ఇదే," అంది.

"ఇదే మేలు. స్ప్రింగు తన్నుకు కూడా ఆగుతాది." బసప్ప రెండు ఇనుప ఉంగరాలతో దాన్ని తుపాకీ మీద బిగించాడు. అంగడి వెనక గోడకు అట్టముక్క ఆనించి, కాల్చి, తిప్పి, మళ్లీ కాల్చి గురి కుదిర్చాడు. మరలు తిప్పే చిన్న వంకర పానాను కాగితంలో చుట్టి ఇచ్చాడు. "ఇది ఊరికే పెట్టుకో. ఇప్పేదానికి గాదు. ఒకసారి ఇప్పినావంటే గురి పాయె. మళ్ల నా కాడికి రావల్ల."

మధ్యాహ్నానికి తోటకు తిరిగొచ్చింది. మంచె ఎక్కి, అద్దానికి కన్ను ఆనించి, అన్నిటికన్నా దూరంలో ఉన్న డబ్బాను చూసింది. దాని మీద వెలిసిపోయిన రంగు మరకలు కూడా కనిపించాయి. డబ్బా చుట్టూ ఎవరూ లేరు. గట్టు మీద ఎవరూ లేరు. కాల్చింది.

ఠంగుమంది.

చిలుకల మంద ఆకుపచ్చ గుడ్డ దులిపినట్టు లేచి, గట్టు దాటి, అవతలి కంది చేల మీదుగా పోయింది. ఆమె నోరు తెరిచి నవ్వింది. పక్కన ఎవరైనా ఉంటే చెప్పేది. ఎవరూ లేరు. సాయంత్రం దాకా ఒక్క గుండూ వృథా కాలేదు. వ్యాపారి రేపు వస్తే రానీ. గోరంట్ల మనిషి అవసరం లేదు.

పొద్దు వాలుతుండగా తుపాకీలో గుండు లేకుండా చూసుకుంది. గొట్టం వంచి బొక్కలోంచి ఆకాశం చూసింది. చిటికెన వేలు పెట్టి చూసింది. మూసి, రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. బస్సొకటి పోయింది. ఎద్దులబండి. రెండు లారీలు, హారన్ లేకుండా. టైరు పేలిందేమో, ఎక్కడన్నా పక్కకు ఒరిగిందేమో, పోలీసులు ఆపారేమో. ఆ ఆలోచనలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి, మంచె కింద కూర్చున్నట్టే ఉంది.

అప్పుడు వినిపించాయి. మూడు హారన్లు.

తుపాకీ ఎత్తి భుజానికి ఆనించింది. అద్దంలో రోడ్డు, తుమ్మచెట్లు, లారీ ముక్కు. ఇంకొంచెం పక్కకు. లారీ ముందు అద్దం వెనక ఒక తల. ఆ తల మీదికి సన్నని నల్లగీతలు రెండు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, నెమ్మదిగా వచ్చి నిలబడ్డాయి.

ఆమె చటుక్కున తుపాకీని దించేసింది.

లోపల ఏమీ లేదు. తనే చూసింది, వేలు పెట్టి చూసింది. రోడ్డు దాకా ఆ గుండు సరిగా పోదు కూడా. మళ్లీ ఎత్తబోయింది. భుజం దాకా వచ్చింది గాని, గొట్టం కొస రోడ్డు వైపు తిరగలేదు. కడుపున పుట్టినవాడికి ఎలా గురిపెట్టడం?

లారీ ఎక్కుడు మొదలుపెట్టింది. గేరు మారిన మూలుగు.

పానా. కొంగు ముడి విప్పి కాగితం చించింది. వంకర కొసను మరలో పెట్టి తిప్పింది. బసప్ప గట్టిగా బిగించాడు. మొదటిది కదిలింది. రేపు పొద్దున వ్యాపారి. రెండోది. గోరంట్ల మనిషి. మూడోది వేళ్లలోంచి జారి మంచె సందులోంచి కింద మట్టిలో పడింది. చూడలేదు. నాలుగోది ఊడగానే అద్దాన్ని ఉంగరాల్లోంచి లాగి, వట్టి చేతులతో కంటికి పెట్టుకుంది.

రామాంజి.

మోచెయ్యి కిటికీ బయట పెట్టుకున్నాడు. గడ్డం గీసుకోలేదు. చిక్కాడు. తల పూర్తిగా ఇటు తిప్పి, మిట్ట మీద చెట్లన్నిటినీ వెతుకుతున్నాడు. సందెవెలుగులో వాడికి మంచె కనిపించడం లేదు. కనుబొమలు ముడిచి, వెతికి, వెతికి, చెయ్యి కొంచెం పైకెత్తాడు. ఎవరికి ఊపాలో తెలియక అలాగే పట్టుకున్నాడు.

"ఈడ్నే ఉండానప్పా! ఈడ!" అని అరుస్తూ ఆమె లేచి నిలబడి రెండో చెయ్యి ఊపింది. అద్దం కదిలింది. రామాంజి పోయాడు. తుమ్మచెట్లు వచ్చాయి, ఆకాశం వచ్చింది. మళ్లీ రోడ్డు దొరికేసరికి లారీ వెనక తలుపు, దాని మీద కట్టిన టార్పాలిన్, ఎర్రదీపం ఒకటి. రెండో దీపం వెలగడం లేదు. ఆ సంగతి వాడికి ఎవరు చెబుతారు? వెనక నుంచి వచ్చేవాడికి లారీ కనిపించకపోతే?

ఎక్కుడు దాటాక మూలుగు కూడా ఆగిపోయింది.

ఆమె మంచె మీద చాలాసేపు అలాగే నిలబడి, ఇంకొక హారన్ కోసం విన్నది. తర్వాత కిందికి దిగి, అద్దాన్ని కొంగులో చుట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని ఆ మర కోసం మట్టిని వేళ్లతో దువ్వింది. దొరకలేదు. చీకట్లు ముసురుకుంటున్నాయి. తోటలో ఎక్కడో ఒక చిలుక, తర్వాత ఇంకొకటి, దిగిన చప్పుడు వినిపించింది.

పైన మంచె మీద, గొట్టం గట్టు వైపు తిరిగి, వీపు మీద ఖాళీగా నోరు తెరుచుకున్న రెండు ఇనుప ఉంగరాలతో, తుపాకీ అలాగే పడి ఉంది.