మా వాళ్లందరూ బాగుందన్న వెబ్‌సైటు

మా చుట్టాలను సలహా అడగడమంత దండగ పని ఇంకోటి లేదు. పెళ్లిలో కూర మాడిపోయినా "మస్తుగున్నది" అని తిని, చెయ్యి కడుక్కుని పోయే జనం. అలాంటి జనాన్ని అడిగి మా గోవర్ధన్ అన్న వ్యాపారానికి దిగాడు.

అన్న మా పెద్దనాన్న కొడుకు. విమానాశ్రయం పక్కన ఒక గోదాములో సూపర్‌వైజరు. భూమి ఎప్పుడో అమ్ముకున్న ఆ ఇల్లు అతని జీతం మీదే నడుస్తుంది. అతను, నేను, వెబ్‌సైట్లు తయారుచేసే మధు కలిసి శంషాబాద్‌లో ఇనుప సామాన్ల దుకాణం పైన గది కిరాయికి తీసుకుని, ఏ వెబ్‌సైటు పెడితే నిలబడుతుందా అని వానాకాలమంతా కొట్లాడుకున్నాం. ప్లాట్ల అమ్మకం అనుకున్నాం. శంషాబాద్‌లో ప్లాట్లు అమ్మనివాడెవడు? తెల్లవారుజాము విమానాలవాళ్లకు గంటల లెక్కన గదులు అనుకున్నాం. అది పెద్ద కంపెనీలే చేస్తున్నాయి, ముగ్గురం ఏం పోటీపడతాం? చివరికి అన్న మొక్కు యాటల దగ్గర ఆగాడు. ఎల్లమ్మకో మైసమ్మకో మొక్కుకున్నవాళ్లు ఫోన్‌లో ఫోటో చూసి మేకపోతును ఎంచుకుంటే మేం ఇంటికి చేరుస్తాం.

"గిది ఎవ్వలు జేస్తలేరు," అన్నాడు గర్వంగా.

"ఎవ్వలకు అక్కర్లేదేమో అన్నా. జర తెల్వనోళ్లను గూడ అడుగుదాం."

"మనోళ్లను అడిగిన గద! అందరు తీసుకుంటమన్నరు. అందరికన్న ముందు అమ్మనే పేరు రాయించింది. నౌకరి ఇడిచి ఇగ దీని మీదనే కూసుంట. నీకే నమ్మకం లేదు ప్రేమలతా."

ఒళ్లు మండింది. మధు మాత్రం కంప్యూటర్‌లోంచి తల ఎత్తితే ఒట్టు.

మర్నాడు మధ్యాహ్నం అన్నవాళ్ల ఇంటికి వెళ్తే వాకిట్లో గుంజకు నల్ల మేకపోతు కట్టేసి ఉంది. మనవరాలి పుట్టువెంట్రుకల మొక్కుకని మా పెద్దమ్మ భారతమ్మ, ఊళ్లో మేకలు కాసే కుర్మయ్య మందలోంచి తెచ్చుకుందట.

"అన్న దగ్గర తీసుకుంటనంటివి గద పెద్దమ్మా?"

"దేవుని యాటను ఫోన్ల బొమ్మ జూసి తెస్తరానే? ఈపు మీద చెయ్యేసి చూడాలె. నాలుగొద్దులు ఇంట్ల మేపుకోవాలె."

"మరి మంచిగున్నదని ఎందుకన్నవ్?"

"కన్నకొడుకు అడిగితె మంచిగ లేదంటరా? చిన్నబోడా?"

మొహమాటానికి పోతే కడుపైందన్న సామెత విన్నాను గానీ, ఒకరి మొహమాటం ఇంకొకరి కొంప ముంచడం ఇక్కడే చూశాను. నేను నోరు తెరిచేలోపే బయట బండి ఆగింది. అన్న లోపలికి వచ్చాడు. పెద్దమ్మ మొహం వెలిగిపోయింది.

"రా బిడ్డా. నీ యాటల దుకాణం ఎట్లుంటదోనని గిప్పుడే అనుకుంటున్నం. మస్తు నడుస్తది."

ఇక నా వల్ల కాలేదు. "మళ్లా అదే అబద్ధం! నీ నోటికి మొక్కాలె పెద్దమ్మా! అన్నా, గా గుంజకు ఏమున్నదో జూడు. కుర్మయ్య దగ్గర తెచ్చింది. కన్నతల్లే నీ దగ్గర కొనలే, ఊరోళ్లు కొంటరా? ఇగ ఆ నౌకరి ఇడుస్తనన్న మాట ఇడిచిపెట్టు!"

అన్న మేకపోతు వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. గడప మీద కూలబడ్డాడు.

"పొద్దుగాలనే రాజీనామా ఇచ్చొచ్చిన," అన్నాడు.

పెద్దమ్మ రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. "అయ్యో కొడుకా! ఇడిచే ముందుగాల నన్నొక్క మాట అడగకపోతివేందిరా!"

"అడిగిన గదనే అమ్మా."