హిమజ స్కూటీ సీటు కింద

నేను ఒక జాడ చెప్పే యంత్రాన్ని. అగ్గిపెట్టెంత ఒళ్లు, లోపల ఒక సిమ్ కార్డు. నేనెక్కడున్నానో యజమాని ఫోనుకు చెబుతూ ఉండడమే నా ఉద్యోగం. నన్ను తయారుచేసినవాళ్లు నా డబ్బా మీద బడికి వెళ్తున్న పాప బొమ్మ అచ్చువేశారు. నన్ను కొన్న దివాకర్‌కు పిల్లలు లేరు.

విడాకులయ్యాక అతను హిమజ స్కూటీని సర్వీసింగు చేయించి మరీ తిరిగిచ్చాడు. విడిపోయినా ఎంత మర్యాదస్తుడో అని చుట్టాలు మెచ్చుకున్నారు. సీటు కింద టేపుతో అంటించిన నన్ను ఎవరూ చూడలేదు.

హిమజ విశాఖలోనే, మధురవాడలో ఒక వాటా అద్దెకు తీసుకుంది. ఆ చిరునామా పళ్ల ఆసుపత్రిలో తనతో పనిచేసే రేవతికి తప్ప ఎవరికీ చెప్పలేదు. సామాన్లు సర్దుకోకముందే దివాకర్ మెసేజ్ వచ్చింది. కొత్త ఇల్లు బాగుందట, గేటుకు తాళం వేసుకోమన్నాడు. ఆ నంబరును బ్లాక్ చేస్తే మరో నంబరు నుంచి వచ్చేది. కూరగాయలకు వెళ్లినా, అన్నయ్య ఇంటికి వెళ్లినా అతనికి తెలిసిపోయేది.

హిమజ రేవతిని నిలదీసింది. రేవతి ఒట్టు వేసింది, ఏడ్చింది. హిమజ నమ్మలేదు. ఆ తర్వాత ఇద్దరూ వేర్వేరుగా అన్నం తినేవారు. అన్నయ్యకు ఫోను చేయడం కూడా ఆమె మానేసింది.

ఒక ఆదివారం ఫోను ఇంట్లో వదిలేసి, ఎవరికీ చెప్పకుండా భీమిలి వెళ్లి సముద్రం ముందు కూర్చుంది. తిరిగొచ్చేసరికి మెసేజ్: "భీమిలిలో ఒక్కదానివే అంతసేపు ఏం చేశావు?"

ఆమెతో వచ్చింది స్కూటీ ఒక్కటే. సీటు ఎత్తి తడిమింది. నేను దొరికాను. పగలగొట్టలేదు. తిన్నగా రేవతి ఇంటికి తీసుకెళ్లింది.

"చెప్పింది ఇదే రేవతీ. నువ్వు కాదు."

రేవతి నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒట్టేసి చెప్పేను కదే. ఈ ముక్కని నమ్మేవు గాని నన్ను నమ్మలేదు" అంది. అయినా చెప్పులేసుకుని ఆమెతో స్టేషనుకు బయల్దేరింది.

అక్కడ హెడ్ కానిస్టేబులు మెసేజ్‌లన్నీ చదివి, పాపం ఇంకా ప్రేమ చావలేదేమో అన్నాడు.

"ప్రేమైతే సీటు కింద దాక్కోవడం ఎందుకండీ?" అంది రేవతి.

అతను ఫిర్యాదు రాసుకున్నాడు. నాలోని సిమ్ దివాకర్ పేరు మీదే ఉందని తేలింది. కేసు నడుస్తోంది.

నన్ను కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి బీరువాలో పడేశారు. బ్యాటరీ అయిపోయింది. ఆ ఇద్దరూ మళ్లీ కలిసి అన్నం తింటున్నారో లేదో. హిమజ ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. ఎవరికి చెప్పాలో ఆమే చెప్పుకుంటుంది.