నెట్ దగ్గర భీమప్ప

అనంతగిరి దవాఖానలో ఏడాదిన్నర మంచాన ఉండి, ఒక ఊపిరితిత్తి పనికిరాకుండా పోయి, భీమప్ప తాండూరుకు తిరిగొచ్చాడు. క్షయ పూర్తిగా నయమైందని డాక్టర్లన్నారు. ఊరు మాత్రం ఒప్పుకోలేదు. తహసీలు కచేరీలో గుమాస్తాగా ఆయన కూర్చునే కుర్చీ కిటికీ పక్కకు జరిగింది. క్లబ్బులో ఆయన చాయ్ గ్లాసు వేరే గూట్లోకి చేరింది. పల్లెత్తు మాట ఎవరూ అనలేదు. అందరూ ఎంతో మర్యాదస్తులు మరి! ఆ మర్యాదే ఆయన్ను రోజూ కోసేది.

జబ్బు పడకముందు భీమప్ప, రైల్వేలో పనిచేసే బాల్‌రాజ్ కలిసి జోడీగా టెన్నిస్ ఆడేవారు. భీమప్ప వెనక గీత దగ్గరుండి ఎంత దూరం బంతికైనా ఉరికేవాడు. ఇప్పుడు నాలుగడుగులు ఉరికితే కళ్ళు తిరుగుతున్నాయి. అయినా ఆట వదలబుద్ధి కాలేదు. వదిలేస్తే జీవితాంతం రోగిగానే మిగిలిపోతానని భయం. ఎవరైనా ఒక్కసారి తనను మామూలు మనిషిలా చూసి, జాలి పడకుండా, తన మీదికి బంతి కొడితే చాలు. అంతకు మించి ఆయనకు కోరికేమీ లేదు.

ఆలోచించి ఒక దారి పట్టాడు. ఉరకలేనివాడు నెట్ దగ్గర నిలబడాలి. బంతి నేలను తాకకముందే గాలిలో అడ్డుకుని అవతలికి తోసెయ్యాలి. వాలీ అనే ఆ దెబ్బకు ఊపిరి కన్నా కన్ను ముఖ్యం.

పెరట్లో రెండు గుంజల మధ్య తాడు కట్టాడు. బంతులు విసిరే పని భార్య శాంతవ్వది. పుట్టింట్లో గొర్ల మంద వెంట తిరిగి, రాయి విసిరితే గురి తప్పని మనిషి. అలాంటిది మొదట్లో ఆమె కూడా పసిపిల్లకు ముద్ద అందించినట్టు విసిరింది.

"గట్ల కాదే. నా మొఖం మీదికి కొట్టు."

"దెబ్బ తాకుతది."

"తాకనియ్యి. చావు దాక పోయొచ్చినోనికి గీ బంతి ఒక లెక్కనా?"

చావు మాట ఎత్తినందుకు శాంతవ్వకు ఒళ్ళు మండింది. ఆ మంటలో విసిరిన బంతి సూటిగా కనుబొమ్మ మీద తగిలింది. భీమప్ప పకపకా నవ్వాడు. దవాఖాన నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

చలికాలం పోయేసరికి పని పట్టుబడింది. రాకెట్‌ను వెనక్కి ఊపడం మానేశాడు. దాన్ని ఛాతీ ముందే ఎత్తి పట్టేవాడు. ఆమె చెయ్యి లేవగానే మునివేళ్ళ మీద లేచి, మణికట్టు బిగించి, ఒక్క అడుగు ముందుకు వేసి, గోడకు మేకు దింపినట్టు పొట్టి దెబ్బ వేసేవాడు. బంతి కిందుగా వస్తే నడుం కాక మోకాళ్ళు వంచేవాడు.

వేసవిలో వికారాబాద్‌లో పోటీలు పెట్టారు. బాల్‌రాజ్ కాసేపు నసిగి సరేనన్నాడు. వాళ్ళకు ఎదురుపడ్డ జోడీలో పరిగి వకీలు హనుమంతు ఉన్నాడు. ఆయన కొట్టే బంతి అంటే చుట్టుపక్కల అందరికీ హడల్.

భీమప్ప నెట్ దగ్గర రాకెట్ ఎత్తి నిలబడ్డాడు. బంతి బాల్‌రాజ్ వైపు వెళ్ళింది. మళ్ళీ అటే. మళ్ళీ అటే. నన్ను చూసి జంకుతున్నారని పొంగిపోయాడు, పిచ్చి మనిషి! తీరా తను సర్వ్ అందుకునే వంతు వచ్చేసరికి, హనుమంతు సర్వ్ మెత్తగా తేలుతూ వచ్చి ముందు పడింది. అది జంకు కాదని అప్పుడు అర్థమైంది.

"ఏంది బాల్‌రాజూ ఇది?" అని అడిగాడు, గేము కాగానే.

బాల్‌రాజ్ తల దించుకున్నాడు. "నేనే చెప్పిన అన్నా, నీ దిక్కు జోరుగ కొట్టొద్దని. ఛాతీ మీద తాకితే ఎట్ల? వదినెకు నేను ఏం మొఖం జూపియ్యాలె?"

పగవాడు చేసిన పనైతే తిట్టిపోసేవాడే. ప్రేమతో చేసినదాన్ని ఏమనగలడు? భీమప్ప హనుమంతు దగ్గరికి నడిచాడు.

"వకీల్ సాబ్, మీ ఆట మీరు ఆడుండ్రి. నేను మంచిగనే ఉన్న."

"గట్లనే భీమప్పా, నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాడు హనుమంతు, బుజ్జగిస్తున్నట్టు.

ఆట మళ్ళీ మొదలైంది. హనుమంతు బాల్‌రాజ్ వైపు బలంగా ఒకటి కొట్టాడు. భీమప్ప ఆగలేదు. అడ్డంగా దూసుకెళ్ళాడు. ఛాతీకి జానెడు ముందు రాకెట్ బంతిని అందుకుంది. ఒక్క పొట్టి దెబ్బ. బంతి అవతలి ఇద్దరి మధ్యా పడి, దొర్లిపోయింది. అంత మంచి వాలీ ఆయన జన్మలో కొట్టలేదు.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. హనుమంతు రాకెట్ పడేసి పరుగెత్తుకొచ్చాడు. "అయ్యో, తాకిందా? నేను నిన్ను జూడలే. మాఫ్ చెయ్యి భీమప్పా!" బాల్‌రాజ్ వచ్చి భుజాలు పట్టుకున్నాడు. ఎవరో కుర్చీ తెచ్చారు.

"నాకు తాకలే. బంతి ఆడ పడ్డది, జూడుండ్రి," అన్నాడు భీమప్ప.

"అవునవును, జర కూసో," అన్నారందరూ. బంతి వైపు మాత్రం ఎవరూ చూడలేదు.

అంపైరు పెద్దమనిషి చెయ్యెత్తాడు. "పాపం, పరేషాన్ అయిండు. ఈ పాయింట్ ఇడిసిపెట్టి మళ్ళ ఆడుండ్రి."

భీమప్ప ఇంకేం చెయ్యాలో తెలియక నెట్ దగ్గరికి వెళ్ళి, రాకెట్ ఎత్తి నిలబడ్డాడు. ఈసారి హనుమంతు కొట్టిన బంతి ఇంకా మెల్లగా, ఆయనకు ఇంకా దూరంగా, బాల్‌రాజ్ వైపు వెళ్ళింది.