ఇంపి సారెల ఇంటి చుక్కలు

పొద్దున్నే ఏడున్నరకల్లా వెర్నా కంగస్ కౌంటీ ఆఫీసులో తన కుర్చీలో కూర్చునేది. కొత్తగా కట్టిన ఇంటికి నంబరివ్వడం, కూల్చేసిన ఇంటి నంబరు కొట్టెయ్యడం, ఏ ఇల్లు ఎక్కడుందో అంబులెన్సు వాళ్ళకీ ఫైరింజను వాళ్ళకీ చూపించే గోడమ్యాపుని సరిచూసుకోవడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న పాస్టీ, అంటే మాంసమూ దుంపలూ కూరి కాల్చిన రొట్టె, సగం తిని, మిగతా సగానికి మూత పెట్టి, సాయంత్రం ఇంట్లో అదే తినేది. మొగుడు ఐనో రెండేళ్ళ కిందట నవంబరులో జింకల వేటకెళ్ళి, అక్కడి గుడిసెలో నిద్రలోనే గుండె ఆగి పోయాడు. అప్పట్నుంచీ ఒక్క పాస్టీ రోజంతటికీ సరిపోతోంది. ఎవరి తప్పూ లేని చావు. కోపం తెచ్చుకుందామన్నా ఆమెకి ఎవరూ దొరకలేదు.

గోడమ్యాపులో ఊరికి ఉత్తరాన ఒక మేర కాగితం అరిగి పల్చబడిపోయింది. అక్కడ ఇంపి సారెల ఇల్లుంది. ఆ ఇల్లు నడుస్తుంది. రోజుకి ఇరవై అడుగులు, ఒక్కోసారి కాస్త తక్కువ. కరెంటు వాళ్ళు ఆమె తీగని వదులుగా ఉంచి, ఏడాదికి రెండుసార్లు స్తంభం మార్చిపోతారు. పోస్టుమాన్ పొగగొట్టం ఎక్కడ కనిపిస్తే అటు వెళ్తాడు. ఇల్లు ఎవరి పొలంలోకి వస్తే వాళ్ళు అది దాటేదాకా ఆ పక్క గడ్డి కొయ్యరు. వెర్నా ప్రతి సోమవారం వెళ్ళి చూసొచ్చి, పాత గుర్తు రబ్బరుతో చెరిపి, పెన్సిలుతో కొత్తది పెట్టేది.

ఆ ఏడు ఆకులు రాలే కాలంలో కౌంటీ వాళ్ళు ఇక గోడమ్యాపు వద్దన్నారు. ఇళ్ళన్నీ ఫోనులోకి రావాలి, అంబులెన్సు నడిపేవాడు అందులో చూసుకుని పోవాలి అన్నారు. ఆ యాప్ కట్టడం నేర్చుకోడానికి ఎవరు వెళ్తారని అడిగితే అందరూ బల్లకేసి చూశారు. వెర్నా వెళ్తానంది. వెళ్ళకూడదనడానికి ఆమెకి కారణమేదీ తోచలేదు.

మంగళవారం, గురువారం మధ్యాహ్నాలు పక్క ఊరి కాలేజీలో క్లాసు. చెప్పేది డేల్ ట్రెంబాత్. తాతముత్తాతలంతా రాగి గనుల్లోకి దిగినవాళ్ళు. ఈయన మాత్రం జీవితమంతా భూమ్మీదే కొలతలు వేసుకుంటూ గడిపాడు. మొదటివారం, ఎవరి ఇంటిని వాళ్ళు మ్యాపు మీద చుక్కగా చూపించమన్నాడు. మిగతా ఐదుగురి ఇళ్ళూ సుపీరియర్ సరస్సు ఒడ్డునే పడ్డాయి. వెర్నా ఇల్లు పడలేదు.

"మీ ఇల్లు దక్షిణ ధ్రువం దగ్గర తేలింది వెర్నా గారూ," అన్నాడు డేల్. "అక్షాంశం రాయాల్సిన చోట రేఖాంశం రాశారు."

"అక్కడా మంచే, ఇక్కడా మంచే. పెద్ద తేడా ఉండదులెండి," అంది వెర్నా.

అందరూ నవ్వారు. ఆమె నవ్వించడానికి అన్లేదు.

తర్వాత దారులు ఒక పొరగా, వాగులు ఒక పొరగా, ఇళ్ళు ఒక పొరగా ఒకదానిమీద ఒకటి పరవడం నేర్చుకుంది. అడవిలో సిగ్నల్ అందనప్పుడు చుక్కని ఫోనులోనే దాచుకుని, ఊళ్ళోకొచ్చాక పైకి పంపడం నేర్చుకుంది. ఇంపి ఇంటి సంగతి వచ్చినప్పుడు, కొత్త చుక్క పెట్టగానే పాతది చెరిగిపోయేలా రాశానని డేల్‌కి చూపించింది.

"చెరపకండి," అన్నాడాయన. "పాతదాన్ని అలాగే ఉంచి, పక్కన తేదీ వేసి, కొత్తది పెట్టండి. చెరిపేస్తే ఇల్లు ఎక్కడుందో తెలుస్తుంది గానీ ఎటు పోతోందో తెలీదు."

నవంబరు నుంచి వెర్నా రోజూ ఆఫీసుకి వెళ్తూ దారిలో ఇంపి ఇంటి దగ్గర ఆగేది. గుమ్మానికి ఫోను ఆనించి, చుక్క కదలకుండా నిలబడేదాకా తనూ నిలబడేది. ఇంపికి ఎనభై ఆరేళ్ళు. నాలుగు రోజులు ఊరుకుని, ఐదో రోజు కాఫీ కెటిల్ పట్టుకొచ్చింది.

"కాఫీ ఆ ఫోనుకి పొయ్యనా, నీకు పొయ్యనా?" అనడిగింది.

అప్పట్నుంచీ వెర్నా లోపల కూర్చుని తాగేది. ఏలకుల రొట్టె ముక్క పెడితే తినేది. ఇంపి తన మోకాళ్ళ గురించి, రేడియోలో విన్న వాటి గురించి చెప్పేది. వెర్నా వినేది. బయటికొచ్చాక ఏం విన్నానా అని తలుచుకుంటే గుర్తుండేది కాదు.

జనవరి ఆఖరుకి డెబ్భై చుక్కలయ్యాయి. ఆ గురువారం క్లాసులో, చుక్కల మీదుగా గీత గీసి దాన్ని ముందుకి పొడిగించడం పాఠం. వెర్నా గీత చిత్తడి నేల దాటి, రోడ్డు దాటి, తిన్నగా పోయి ఒక ఇంటి మీద ఆగింది.

"ఇదెవరిల్లు?" అన్నాడు డేల్.

"నాది."

"ఎప్పటికి చేరుతుందట?"

ఆమె లెక్క చూసింది. "మార్చి తొమ్మిదికి."

ఆయన తలూపి పక్క బల్ల దగ్గరికి వెళ్ళాడు.

మర్నాడు వెర్నా ఆ సంగతి ఇంపికి చెప్పింది. ముసలమ్మ రొట్టె కోస్తూనే ఉంది. "అలాగా. అది నాకెప్పుడూ చెప్పదమ్మాయ్. నేనూ అడగను. కిటికీలోంచి ఏం కనిపిస్తే అది చూస్తుంటాను," అంది.

వెర్నా తన పెరట్లో కట్టెల పేర్పుని అవతలికి మార్చింది. పారతో మంచు ఎత్తిపోసి చోటు చేసింది. సంతోషమూ లేదు, విసుగూ లేదు. వచ్చే ఇంటికి చోటు కావాలి కదా అనుకుంది, అంతే. మార్చి తొమ్మిదిన ఇల్లొచ్చి ఆగింది. ఇద్దరి వంటింటి కిటికీలూ ఎదురెదురుగా, మధ్య పదడుగులు.

ఆ తర్వాతి శనివారం పొద్దున్న సరస్సు మీంచి గాలి, మంచు విరుచుకుపడ్డాయి. వెర్నా ఇంటిని వెచ్చబెట్టే కొలిమికి గోడలోంచి బయటికి ఒక గొట్టం ఉంది. అది మంచులో కూరుకుపోయి, విషవాయువంతా ఇంట్లోకే తిరిగింది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. వెర్నా కాఫీ కప్పు ముందు పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. తల బరువెక్కింది. చేతులు తనవి కానట్టున్నాయి. రెండేళ్ళుగా అలాగే ఉంటోంది కాబట్టి ఆమెకి తేడా తెలియలేదు.

పది గంటలప్పుడు ఇంపి అంబులెన్సుకి ఫోను చేసింది. వాళ్ళొచ్చేదాకా ఆగలేదు. మంచు పార తీసుకుని, నడుము లోతు మంచులో ఆ పదడుగులూ దాటి, వంటింటి కిటికీ అద్దం పగలగొట్టింది.

ఇంకో పావుగంట ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదని ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది. మంచం పక్కన కుర్చీలో ఇంపి బూట్లు విప్పుకుని కూర్చునుంది.

"నువ్వు రోజూ అలాగే కూర్చుంటావు," అంది. "ఇవాళా అంతేలే అనుకున్నా. కప్పు కిందపడి పగిలినా వంగి తియ్యలేదు చూడు, అప్పుడు భయమేసింది."

వెర్నా ఇంపివైపు తిరిగి పడుకుంది. తర్వాత, "అద్దం ఏ మాత్రం పగిలింది?" అనడిగింది.

"మొత్తం."

"గట్టిగానే కొట్టారే."

"మరి," అంది ఇంపి.

ఏప్రిల్లో యాప్ అంబులెన్సు వాళ్ళ ఫోన్లలోకి వెళ్ళింది. డేల్ క్లాసు ముగించి అందరితో చేతులు కలిపాడు. నెలాఖరుకి మంచు కరిగి నేల బురదయ్యాక, ఒకరోజు ఇంపి ఇల్లు కదిలి పడమటివైపు మళ్ళింది. వెర్నా ఎప్పట్లాగే రోజూ చుక్క పెట్టింది, కాఫీ తాగింది. పదిహేను చుక్కలయ్యాక, ఎవరూ అడక్కుండానే, బండిలో కూర్చుని గీతని ముందుకి పొడిగించింది.

అది క్లైడ్ పెర్యాల ఇంటిమీద ఆగింది. క్లైడ్ దుంగల లారీ నడుపుతాడు. ఊళ్ళో ఎక్కడ నవ్వులు వినిపించినా మధ్యలో అతనుంటాడు. అతనికేం లోటని ఎవరైనా అంటారు. ఇల్లు చేరే తేదీ ఆగస్టు ఇరవై అని ఫోను చూపించింది.

వెర్నాకి పగిలిన తన కిటికీ అద్దం గుర్తొచ్చింది. మే నెల ఇంకా సగం కూడా కాలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె అక్కడికి నడిచి వెళ్ళింది. అరమైలు ఉంటుంది. దారి పొడుగునా ఏమైనా అనిపించిందా అంటే, బూట్లకి బురద బరువు తప్ప పెద్దగా ఏమీ లేదు. ఏం అడగాలో కూడా అనుకోలేదు. తలుపు రెండుసార్లు కొట్టాక క్లైడ్ తీశాడు. గడ్డం పెరిగి ఉంది. వెనక గదిలో పగలే కర్టెన్లు వేసున్నాయి.

"ఏంటి వెర్నా, నా ఇంటి నంబరు గానీ పోయిందా?" అని నవ్వాడు.

"లేదు. కాఫీ ఉందా?"

క్లైడ్ తలుపు గొళ్ళెం మీద చెయ్యి తియ్యకుండా ఆమెకేసి చూశాడు. మొహంలో నవ్వు మెల్లగా ఆగిపోయింది.

"పెడతాను," అన్నాడు. తలుపు తీసే ఉంచి లోపలికి వెళ్ళాడు.