బ్రేకు తొక్కే కాలు

మా కారు వెనకాల లాక్కుంటూ తిరిగే ఇల్లు పొడుగు ఇరవై ఒక్క అడుగులు. అలాంటి ఇంటిని వెనక్కి నడిపి, ఇచ్చిన చోటులో సరిగ్గా పెట్టడం చూడ్డానికి కారవాన్ పార్కుల్లో సాయంత్రం నాలుగయ్యేసరికి జనం మడత కుర్చీలు వేసుకుని, బీరు పట్టుకుని కూర్చుంటారు. అందరూ మా ఈడువాళ్లే, మాలాగే ఊళ్లు పట్టుకుని తిరిగేవాళ్లే. మొగుడు స్టీరింగు దగ్గర, పెళ్లాం వెనకాల నిలబడి చేతులూపుతూ ఉంటే ఆ కాపురం ఎలాంటిదో అక్కడే తేలిపోతుందని వాళ్ల నమ్మకం.

మాది ఎప్పుడూ ఒక్క ఊపులో అయిపోయేది. మా ఆయన నెవిల్ మా ఊరు బెండిగోలో ముప్పై ఒక్కేళ్లు సిటీ బస్సు నడిపాడు. నా అరచెయ్యి పైకి లేస్తే ఆయన ఆగాలి. ఇలా తిరుగుతున్న ఈ నాలుగేళ్లలో ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

కన్నముల్లా అనే ఊళ్లో తప్పింది. నేను చెయ్యెత్తాను, ఆయన ఆగలేదు. పక్కకి దూకాను కాబట్టి సరిపోయింది. బండి వెళ్లి నీళ్ల కుళాయిని గుద్దింది. కుళాయి విరిగి నీళ్లు నా నెత్తి మీదికి చిమ్మాయి. కుర్చీల్లోవాళ్లు చప్పట్లు కొట్టారు. నెవిల్ దిగివచ్చి, తడిసి ముద్దయిన నన్ను వాళ్లకి చూపిస్తూ, "ఈవిడ చెయ్యి అద్దంలో కనబడితే కదా! ఎక్కడో మూల నిలబడి ఊపుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది గానీ నలుగురిలో మొగుణ్ణి కడిగేసే అలవాటు లేదు.

పక్క బండిలో ఉండే డాట్ మాత్రం నవ్వలేదు. ఆవిడకి డెబ్బై ఆరేళ్లు. మొగుడు పోయాక ఒంటరిగానే బండి లాక్కుంటూ తిరుగుతోంది. తువ్వాలు తెచ్చిచ్చి, "నీ చెయ్యి బాగానే కనబడిందమ్మాయ్. నాకు ఇక్కణ్ణించే కనబడింది" అని వెళ్లిపోయింది.

నెవిల్‌కి ఒక ఊళ్లో రెండు రాత్రులు గడిస్తే మూడో పొద్దుటికి కాలు నిలవదు. వాళ్ల నాన్న రిటైరై కుర్చీలో కూర్చున్నాడు. పదకొండు నెలలకి ఆ కుర్చీలోనే పోయాడు. అప్పట్నుంచీ ఈయనకి కూర్చోవడమంటే చావడమే. చేతి గడియారంలో రోజూ పదివేల అడుగులు పడాల్సిందే. తక్కువైతే అన్నం ముందు నుంచి లేచి బండి చుట్టూ తిరిగి వస్తాడు. మూడేళ్ల కిందట షుగరుందన్నారు. మాత్రలు వేసుకుంటాడు గానీ, ఊరూరా కొత్త డాక్టరుని ఎక్కడ వెతుకుతాం, నడకకి అదెప్పుడో కరిగిపోయి ఉంటుందిలే అన్నాడు. నేనూ నమ్మాను. నమ్మితే ఆ రోజుకి గొడవ ఉండదు.

ఇప్పుడు బెండిగోలో ఇల్లు అమ్మేద్దామంటున్నాడు. మాకున్నది అదొక్కటే. పెన్షనూ, ఆ ఇంటి మీద వచ్చే అద్దే మా తిండికీ డీజిలుకీ సరిపోతాయి. ఇల్లు మాత్రం మంచాన పడ్డ రోజు కోసమని నా లెక్క. ఆసుపత్రి లాండ్రీలో ఇరవై ఏళ్లు దుప్పట్లు ఉతికినదాన్ని, ఆ రోజు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆయనేమో, ఆ రోజు కోసం ఇల్లు దాచుకుంటే ఆ రోజుని మనమే పిలిచినట్టని నాలుగు నెలలుగా నా చెవిలో పోరుతున్నాడు. డ్రైవింగు వచ్చినవాడికి ఇల్లెందుకట. కొనేవాడు దొరికాడు, కాగితం వచ్చింది, ఆయన సంతకం పెట్టేశాడు. నాది మర్నాడు మధ్యాహ్నంలోగా పడాలి. లేకపోతే ఆ బేరం పోతుంది.

మర్నాడు పొద్దున్న ఆయన రబ్బరు చెప్పులేసుకుని ఏటిగట్టు మీదికి నడకకి వెళ్లాడు. నేను కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, సంతకం పెట్టడానికే కూర్చున్నాను. రోజూ అదే మాట వినీ వినీ విసిగిపోయాను. పెడితే కాస్త నోరు మూస్తాడు కదా అనిపించింది. కలం మూత కూడా తీశాను.

ఆయన మెట్టెక్కి లోపలికొచ్చాడు. నేల మీద టక్, మెత్తగా, టక్, మెత్తగా వినబడింది. ఒక్క కాలే చప్పుడు చేస్తోంది.

"చెప్పులో ఏదో గుచ్చుకున్నట్టుంది, కూర్చో" అన్నాను.

కూర్చోమంటే ఆయనకి కోపం. అయినా మంచం అంచున కూలబడి, రేపు ఎటు పోదామో చెప్పడం మొదలుపెట్టాడు. కుడి కాలు ఒళ్లో పెట్టుకుని చూశాను. పల్లేరు కాయ. ఆ గట్టు నిండా అవే. ఒక ముల్లు రబ్బరుని పొడుచుకుని మడమలోకి దిగిపోయింది. చెప్పు లాగాను, ముల్లు విరిగి మడమలోనే ఉండిపోయింది. కనుబొమ్మల పట్టకారు తెచ్చి, దాన్ని పట్టుకుని లాగాను. రక్తం నా గౌను మీద పడింది.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "గ్లెనిస్, అటువైపు పోతే చేపలు బాగా పడతాయి" అంటున్నాడు.

కాసేపాగి, "ఇంకా ఎంతసేపు? లాగు మరి, నేను ఏడవనులే" అన్నాడు.

నేను ఆ ముల్లుని తీసుకెళ్లి కాగితం మీద, ఆయన సంతకం పక్కన పెట్టాను. ఆయన దాన్ని చూశాడు, కాలు చూసుకున్నాడు, నా గౌను చూశాడు.

"కాలికి ఏమీ తెలియక ఎన్నాళ్లయింది?"

"ఈస్టరు నుంచి" అన్నాడు. "కొంచెం ముందు నుంచేమో."

"బ్రేకు ఎలా తొక్కుతున్నావు?"

ఆయన కుడి మోకాలు తడుముకున్నాడు. "మోకాలు ఎంత వంగిందో దాన్నిబట్టి" అన్నాడు.

ఈస్టరు నుంచి మేం నాలుగు వేల కిలోమీటర్లు తిరిగాం. రోడ్డు మీద మూడేసి బళ్లు తగిలించుకుని వచ్చే లారీల్ని దాటుకుంటూ, మోకాలి లెక్కతో. నాకొచ్చింది భయమో కోపమో తెలియలేదు. రెండూ అయ్యుంటాయి. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో పడేశాను. ఇల్లు అమ్మడం లేదని ఫోనులో నేనే చెప్పాను.

ఆ ఊరి ఆసుపత్రిలో మడమ కడిగి కట్టుకట్టారు. ఇంటి దగ్గర పాదాల డాక్టరు చూసి సరేననే దాకా డ్రైవింగు కుదరదన్నారు. బయటికొచ్చాక, "కుర్చీలో కూర్చోబెడితే నాన్నలాగే పోతాను గ్లెనిస్" అన్నాడు, నా మొహం చూడకుండా.

"కుర్చీలో ఎవరు కూర్చోబెడతారు నిన్ను? పక్క సీట్లో కూర్చో. బూట్లేసుకుని నడుద్దువుగాని, సాయంత్రం కాళ్లు నేను చూస్తాను" అన్నాను. ఎదిగిన పిల్లాణ్ణి ఒడిలో కూర్చోమన్నట్టు మొహం పెట్టాడు.

కారు నలభై ఏళ్లుగా నడుపుతున్నాను గానీ వెనకాల ఇంటిని తగిలించుకుని ఎప్పుడూ నడపలేదు. డాట్ నన్ను ఖాళీ మైదానానికి తీసుకెళ్లి మధ్యాహ్నమంతా తిప్పించింది. వెనక్కి వెళ్లేటప్పుడు స్టీరింగుని కింద పట్టుకోవాలట, తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరపాలట. "నలభై ఏళ్లు మొగుణ్ణి తిప్పినదానివి, దీన్ని తిప్పలేవా?" అంది. నెవిల్ మైదానం చుట్టూ కుంటుతూ తిరుగుతూనే ఉన్నాడు.

మర్నాడు బెండిగో వైపు, దక్షిణంగా బయల్దేరాం. సాయంత్రానికి బర్క్ చేరాం. నాలుగు దాటింది, కుర్చీలు వేసి ఉన్నాయి. స్టీరింగు ముందు ఆడమనిషిని చూసి ఇంకో రెండు కుర్చీలు వచ్చాయి. నెవిల్ దిగి వెనక్కి వెళ్లాడు. నలుగురి ముందు చేతులూపడం ఆయనకదే మొదటిసారి.

ఎనిమిదిసార్లు తప్పాను. ఒకసారి చెట్టు మీదికి, ఒకసారి ఎవరి గుడారం మీదికో పోబోయాను. వెనక నుంచి నవ్వులు వినబడుతున్నాయి. ఆయన అరవలేదు, విసుక్కోలేదు. ప్రతిసారీ ముందుకి పొమ్మని చూపించి, మళ్లీ మొదట్నుంచీ చేతులూపాడు. తొమ్మిదోసారి తోక మెల్లగా చోటులోకి దూరింది. అద్దంలో ఆయన అరచెయ్యి లేచింది. బ్రేకు తొక్కాను. బండి అక్కడే ఆగిపోయింది.

కుర్చీల్లోవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయన నడుచుకుంటూ నా కిటికీ దగ్గరికొచ్చాడు. కిటికీ అంచు పట్టుకున్నాడు.

"మొన్న నీ చెయ్యి కనబడింది గ్లెనిస్. బాగా కనబడింది" అన్నాడు. "తొక్కాననే అనుకున్నాను."