మాల తీసిన రోజు కిళ్ళీ

1996 కార్తీకంలో మా ఆయన కామరాజు మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్నాడు. భక్తి కన్నా పక్కవాళ్ల పోరే ఎక్కువ. స్టీల్ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర ఆయనతో పనిచేసే నలుగురూ ఆ ఏడాది మాల వేసుకున్నారు. వాళ్లలో పెద్దవాడు ఎల్లారావు అప్పటికే ఏడుసార్లు కొండకి వెళ్లొచ్చిన గురుస్వామి. ఆయన రమ్మంటే మా ఆయన ఎక్కడికని కూడా అడగడు.

మాల సంగతి అలా ఉంచి ముందు కిళ్ళీ సంగతి చెప్పాలి. ఓవెన్ల దగ్గర గ్యాసు ఉంటుంది. అగ్గిపెట్టె, బీడీకట్ట బయటే వదిలేసి లోపలికి వెళ్లాలి. ఎనిమిది గంటలు ఆ వేడిలో, ఆ నల్లధూళిలో నిలబడే మనిషికి నోట్లో ఏదో ఒకటి ఉండాలి కదా. అందరూ కిళ్ళీలకి అలవాటు పడ్డారు. ధూళి గొంతులోకి దిగకుండా కిళ్ళీ అడ్డుకుంటుందని వాళ్ల నమ్మకం. ఆయన ప్లాంటులో చేరిన ఏడే మా పెళ్లయింది. కొట్లో కిళ్ళీ నచ్చలేదంటే ఒకరోజు నేనే కట్టి ఇచ్చాను. అంతే, ఆ పని నాకు ఖాయమైపోయింది. పొద్దున్నే ఆరు తమలపాకులు తుడిచి, సున్నం రాసి, కాచు, వక్కలు, చిటికెడు పొగాకు వేసి మడిచి, తడిగుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టేదాన్ని. ఒక్కొక్కటీ గంటసేపు ఎడమ బుగ్గన పెట్టుకుని ఉంటాడు. మాట్లాడితే సగం మాటలు ఆ బుగ్గలోనే ఉండిపోతాయి. ఒకందుకు అదీ నయమే అనిపించేది నాకు.

మాలలో ఉంటే కిళ్ళీ ముట్టకూడదు. నలభై ఒక్క రోజులు. మొదటి నాలుగు రోజులూ స్వామివారి ముఖం చూడాలి, పిల్లలు కూడా దగ్గరికి వెళ్లలేదు. దీక్షలో ఉన్నంతకాలం మొగుణ్ణయినా స్వామి అనే పిలవాలి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇంకోలా పిలిచేదాన్ని. ఐదో రోజు తెల్లవారుతూనే, చన్నీళ్ల స్నానానికి ముందు వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ కేకేశాడు.

"మణీ, ఇలా రా! ఇదేటో సూడు."

తెల్లటి ఉమ్మిలో ఎర్రటి చారలు.

"రగతం! ఎక్కణ్ణించి వొత్తంది స్వామీ?"

"సిగుళ్లలోంచి. ఇన్నాళ్లూ ఎప్పుడూ రానేదు."

ఎల్లారావు గురుస్వామిని అడిగాం. ఆయన గడ్డం నిమురుకుంటూ, "కిళ్ళీ ఒగ్గేసినావు కదా స్వామీ, సున్నం పట్టు పోయుంతాది. మాల తీసినాక అదే సర్దుకుంతాది. నాకూ ఏటేటా ఇంతే" అన్నాడు. నాకు అది సబబుగానే తోచింది. గోడకి సున్నం పడితే గట్టిగా ఉంటుంది, పళ్ళకీ అంతే అనుకున్నాను. నా తెలివి అలా ఏడిచింది మరి.

కొండకి వెళ్లొచ్చి మాల తీసిన రోజు, అన్నం కూడా వడ్డించకముందే కిళ్ళీ కట్టి చేతిలో పెట్టాను. "ముందిది ఏసుకో మావా, రగతం కట్టీద్ది" అన్నాను. మర్నాడు రక్తం లేదు. ఆ మర్నాడూ లేదు. నేనేదో వైద్యం కనిపెట్టినట్టు కూర్మన్నపాలెంలో మా వీధి వీధంతా చెప్పుకున్నాను.

తర్వాత ఏడూ అంతే. మాల వేస్తే రక్తం, తీస్తే మాయం. ఆ పై ఏడూ అంతే. దీక్షకి వారం ముందు నుంచీ సున్నం కాస్త ఎక్కువే రాసేదాన్ని, నలభై ఒక్క రోజులకీ నిలవ ఉంటుందని. నవ్వితే నవ్వండి.

2001లో మాల వేసుకోకముందే ఎడమవైపు కింది పళ్ళు కదలడం మొదలైంది. జంతిక ఇస్తే కుడివైపు పెట్టుకుని నానబెట్టుకునేవాడు. ఒకరోజు చేపల పులుసు కలిపిన అన్నం రెండు ముద్దలు తిని కంచం పక్కకి నెట్టేశాడు. చేపలంటే ప్రాణం పెట్టే మనిషి. ఆయనకి ముప్పై ఎనిమిదేళ్లు. ఈ వయసులో బోసినోరేమిటని నాకు ఏడుపొచ్చింది. రెక్క పట్టుకుని గాజువాకలో పళ్ళ డాక్టరు ఆశాజ్యోతిగారి దగ్గరికి లాక్కుపోయాను.

ఆవిడ నోరంతా చూసి, ఎక్స్‌రే తీసి, దాన్ని వెలుతురుకి పెట్టి చూపించారు. "ఇది పళ్ళని పట్టుకునే దవడ ఎముక. కుడివైపు ఎక్కడిదాకా ఉందో చూడండి. ఇప్పుడు ఎడమవైపు చూడండి."

ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసిపోయింది. కుడివైపు పళ్ళు మెడదాకా ఎముకలో దిగి ఉన్నాయి. ఎడమవైపు నాలుగూ వరద కోసేసిన గట్టు మీద కొబ్బరిచెట్లలా ఉన్నాయి.

"ఈ నాలుగూ తీసేయాలి. మిగతావి కిళ్ళీ మానేస్తే నిలబడొచ్చు. మానకపోతే అవీ ఇదే దారి" అన్నారావిడ.

"అన్నీ తీయించీసి కట్టుడు పళ్ళెట్టించీసుకుంటే?" అన్నాడు మా ఆయన, అదేదో కొత్త చెప్పులు కొనుక్కున్నట్టు.

"అవి కూర్చోవడానికైనా ఎముక కావాలండీ. పోయిన ఎముక మళ్ళీ పెరగదు."

నేను ఊరుకోలేకపోయాను. "అదేటండీ, మాలేసుకుని కిళ్ళీ ఒగ్గేసినప్పుడే కదా రగతం వొచ్చేది? ఏసుకుంటే కట్టీసేది!"

డాక్టరుగారు నా వైపు తిరిగారు. విసుక్కోలేదు. "కట్టలేదమ్మా. పొగాకు చిగుళ్ల జబ్బుని కొంత కనపడకుండా చేస్తుంది. వచ్చిన రక్తం కిళ్ళీ ఎరుపులో కలిసిపోతుంది. ఉమ్మి రోజూ ఎర్రగానే ఉంటే అందులో రక్తం ఎంతో ఎవరికి తెలుస్తుంది? మాల వేసుకున్నప్పుడు ఉమ్మి తెల్లబడింది, కనిపించింది. అప్పుడే వచ్చి ఉంటే బాగుండేది."

మత్తు సూది సిద్ధం చేస్తామని మమ్మల్ని బయట బల్ల మీద కూర్చోమన్నారు. కూర్చున్నాను గానీ నా లోపల ఏదో కూలిపోయింది. ఏటా దేవుడు చూపిస్తే, ఏటా నేను కప్పెట్టాను. అది కూడా నా చేత్తో, అన్నం కన్నా ముందు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

"ఏడవకే. నీ తప్పు కాదిది" అన్నాడు మెల్లగా. "నాకు ముందే తెల్సు."

"ఏటి తెల్సు?"

"మూడోసారి కొండకెల్నప్పుడు పంబ కాడ డాక్టరు స్వామి ఒకాయన నా నోరు సూసినాడు. ఇదంతా అప్పుడే సెప్పీసినాడు. రగతం ఎప్పుడూ ఉందనీ, కిళ్ళీ మానకపోతే పళ్ళూడిపోతాయనీ."

ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మూడేళ్లు! మూడేళ్లు తెలిసి కూడా, నేను చేతిలో పెడితే వెర్రిదాన్ని చూసినట్టు చూస్తూ తీసుకుని బుగ్గన పెట్టుకున్నాడు. లేచి వెళ్లిపోదామా అనిపించింది. నోట్లో పళ్ళన్నీ పీకించుకోనీ, నాకేం?

"నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే నువ్వు కట్టడం ఒగ్గేత్తావు."

"కొట్లో దొరకవేటి? నాను కట్టిందే కావాలేటి తమరికి?"

"కోప్పడకుండా ఇను" అన్నాడు నేలకేసి చూస్తూ. "పెళ్లయిన కాణ్ణించి నువ్వు అన్నమెట్టినా తిట్టి ఎడతావు. నీళ్లిచ్చినా తిట్టి ఇత్తావు. ఆ డబ్బా ఒక్కటే ఊరికినే ఇత్తావు. ఒక్క మాటనకుండా సేతిలో ఎట్టి, జాగ్రత్తగా ఎల్లిరా అంటావు. దాన్ని ఒద్దనడానికి నాకు మనసొప్పనేదే."

అవునా అని పన్నెండేళ్లూ వెనక్కి వెతుక్కున్నాను. అవును. పొద్దున్న వంటింట్లో గిన్నెల మీద, పిల్లల మీద, ఆయన మీద అరిచే అరుపంతా ఆ ఆకులు చేతిలోకి తీసుకునేసరికి ఆగిపోయేది. ఎందుకో నాకూ తెలీదు. అది ఆయన లెక్కలో ప్రేమ అని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

"ఇంక కట్టకు మణీ" అన్నాడు. "మాల నేకుండా నా అంతట నాను మాననేను. నువ్విత్తే ఏసీసుకుంతాను."

"కట్టను" అన్నాను.

నర్సు పిలిచింది. లోపల కుర్చీలో వాలగానే ఆయన నన్ను కూడా రమ్మని సైగ చేశాడు. డాక్టరుగారు వద్దనలేదు. సూది చూసి కళ్ళు మూసుకుని, చెయ్యి చాచి నా వేళ్ళు పట్టుకున్నాడు. పన్నెండేళ్లుగా సున్నం తగిలి చివర్లు పగిలిన వేళ్ళు. వాటిలోంచి ఏదీ అందుకోకుండా ఆయన వాటిని ఊరికే పట్టుకోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.