కొలిచేటప్పుడు ఇంట్లో ఎవరుండాల

మంగళవారం పొద్దున్నే లూదియా ఆళ్లగడ్డలో కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి, నంద్యాల బస్సెక్కింది. కోర్టు వాయిదాలకు ఎక్కే బస్సే. ఈసారి మాత్రం కోర్టుకు కాదు, ఇంటికి.

విడాకులు ఖాయమైనాయి. ఇల్లొక్కటే తేలాలి. కోర్టు పంపే ఇంజనీరు విలువ కడతాడు. అందులో సగం మొగుడు యేసురత్నానికి ఇచ్చి ఇల్లు తీసుకునే హక్కు మొదట లూదియాది. ఇవ్వలేకపోతే, ఆమెకు సగం ఇచ్చి అతనే ఉంచుకుంటాడు. జడ్జి ఆ మాట చెప్పినప్పుడు యేసురత్నం నవ్వాడు, జాకెట్లు కుట్టేదానికి అంత దుడ్లు యాడివని.

యేసురత్నం లోపలుంటే ఆ ఇల్లు ముడుచుకుంటుంది. గొంతు పెంచితే ఇంకా. కాపురం చేసినన్నాళ్లూ లూదియా మోచేతులు గోడలకు గీరుకుపోయేవి. కుళాయి దగ్గర ఆడవాళ్లు "మీ ఆయన వచ్చినట్టుండాడే, మిద్దె దగ్గరికైంది" అని చెప్పి, బిందె ఎత్తుకుని పోయేవాళ్లు.

ఇంజనీరు విజయసారథి టేపు తీసేసరికి యేసురత్నం మంచమ్మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఫ్యాను అతని తలకు జానెడు పైన తిరుగుతోంది.

"ఆయన్ని బయటికి పొమ్మనండి సార్. అప్పుడు కొలవండి," అంది లూదియా.

"నా ఇంట్లోంచి నేనెందుకు పోతా?"

"నీ ఇల్లా? పునాదికి రాళ్లు మోసిందెవరు? ఎండలో స్లాబుకు నీళ్లు పట్టిందెవరు?"

"నోర్ముయ్!"

గోడలు లోపలికి జరిగాయి.

"పొమ్మనే అధికారం నాకు లేదమ్మా," అన్నాడు విజయసారథి. "సంజామలలో ఇట్లాంటి ఇల్లే కొలిచినా. ఉన్నదెంతో అంతే రాయాల."

హాలు కొలత చదివాడు. లూదియాకు కోపంతో చెవులు గుయ్‌మన్నాయి. తను మోసిన రాళ్లకు ఇదా విలువ? వెళ్లిపోదామని చెప్పుల్లో కాలు పెట్టి, ఆగిపోయింది. ఆ కొలతకు కట్టే విలువ ఇంకొంచెం తగ్గితే, అందులో సగం తన చీటీ డబ్బుకు అందుతుంది.

వెనక్కి తిరిగింది.

"ఏందీ, అంతేనా? అందరి ముందర నన్ను తిట్టిన గొంతు యాడపోయింది? అరువ్. గట్టిగా అరువ్, వినపడ్లే."

యేసురత్నం అరిచాడు. ఆమెతో ఇంకోలా మాట్లాడడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. పైగా, ఒక్కో అరుపుకూ ఆమెకు ఇవ్వాల్సింది తగ్గుతోందని లోపల సంబరం. వంటగది అలమారంత అయింది. పైకప్పు దిగి అతని మెడ వంచింది. విజయసారథి మోకాళ్ల మీద పాకి చివరి గది కొలిచి, అక్కడే లెక్క కట్టి కాగితం ఇచ్చాడు. యేసురత్నం వంగినవాడు వంగినట్టే ముందుగా సంతకం పెట్టాడు.

తర్వాత లూదియా పెట్టింది.

"ఇల్లు నేను తీసుకుంటా సార్. ఆయన సగం ఈ వారంలోనే కోర్టులో కడతా."

యేసురత్నం ఎగిరి లేచాడు. తల ఠంగుమని కప్పుకు తగిలింది. "మోసం సార్! ఇల్లు ఇంత కాదు, పెద్దది! మళ్లీ కొలవండి!"

"నువ్వుండగానే కదప్పా కొలిచింది," అని విజయసారథి సంచి సర్దుకున్నాడు.

ఆమె డబ్బు కట్టింది. నెలాఖరుకు యేసురత్నం సామాను తీసుకుపోవడానికి వచ్చాడు. అతను లోపలుంటే వాకిలి ఇరుకై మంచం పట్టలేదు. చివరికి అతను వీధిలోకి పోయి నిలబడితే, లూదియానే దాన్ని బయటికి నెట్టి తలుపేసుకుంది.

గోడలు వెనక్కి జరిగాయి. ఆమె కోపం మాత్రం తగ్గలేదు. హాలు మధ్యలో నిలబడి, ఇన్నేళ్లూ మింగిన ప్రతి మాటా వీధి చివరిదాకా వినపడేలా అరిచింది.

ఒక్క గోడా కదల్లేదు.